ఎడమ చేతి గాజులు

మొన్న మా ఆవిడ రవికెల గుడ్డ తీసుకొని ప్రొద్దుటూరులో దర్జీ దగ్గరికి పోయాను. ఆమె అంగళ్లకు రావడం మానేసి చాలా ఏళ్లయింది. కొలతలు రాసుకుంటున్న దర్జీ చెయ్యి ఆపి, "ఏందప్పా, రెండు చేతులకు రెండు కొలతలు చెప్తాండావు? ఒకటి రవికెకా, ఇంకోటి దిండు గలీబుకా?" అని నవ్వాడు. కొత్తవాడు, తెలియదు. నేనూ నవ్వాను.

క్యాన్సరని ఆమె ఎడమ రొమ్ము తీసేసి పదేళ్లు దాటింది. దాని చోట కొత్తది అమర్చే మాట ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మొదట్లో రవికెలో దూది కుక్కుకునేది. బరువు లేక అది భుజం మీదికి ఎగబాకేది. జమ్మలమడుగు నుంచి వాళ్లమ్మ వచ్చి, మెత్తటి సంచిలో కొర్రలు నింపి కుట్టిచ్చింది. చెమటకు తడిసిందని ఒకరోజు ఎండలో పెడితే పక్కింటి కోడి దాన్ని చింపి గింజలన్నీ తినేసింది. నేను ఆమెకు మేనబావను, అయినా మా పక్క అలవాటుగా నన్ను మామా అనే పిలుస్తుంది. "సూడు మామా, నిజందాన్ని డాక్టరు తీసకపాయ, ఉత్తదాన్ని కోడి తినిపాయ" అని పగలబడి నవ్వింది. అప్పటికింకా నవ్వేది.

చెప్పిన మాట వినక, బట్టలుతికి ఎడమ చెయ్యి వాపు తెచ్చుకుందని మా వాళ్లంటారు. అబద్ధం. చేతిలో నీరు నిలవకుండా చూసే చంకలోని గడ్డలు కూడా తీశారు కనుక ఆ చేతికి గాయం కాకూడదు, బిగుతుగా ఏదీ వేయకూడదని డాక్టరు చెప్పాడు. ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. పులివెందులలో మా అక్క కూతురి సీమంతానికి పోయాం. గాజులమ్మ ముత్తైదువలందరికీ గాజులు తొడుగుతోంది. ఈమె కుడి చెయ్యి చాచి, ఎడమ చెయ్యి కొంగులో దాచుకుంది. మా అక్క ఊరుకోలేదు.

"ఏమ్మే, మొగుడు బతికుండంగనే చెయ్యి బోడిగా పెట్టుకుంటావా? మా తమ్మునికేమన్నా అయితే?"

"డాక్టరు వద్దన్నాడు వదినా."

అందరూ నావైపు చూశారు. నా ప్రాణానికేదో అవుతుందన్న భయం నాకు లేదు. పెళ్లాం మాటకు తలూపేవాడంటారని సిగ్గు, అంతే. "ఒక్క పూటకు ఏమైతాది, ఏసుకో మే. అందరూ సూస్తాండారు" అన్నాను. ఆమె కొంగులోంచి ఎడమ చెయ్యి తీసి చాచింది. సబ్బు నీళ్లతో ఎక్కిస్తుంటే ఒక గాజు చిట్లి మణికట్టు దగ్గర గీరుకుంది. పసుపు అద్దారు. రెండోనాటికి చలిజ్వరం, చెయ్యంతా ఎర్రగా వాచి కాలిపోతోంది. మందులకు జ్వరం తగ్గింది, వాపు మాత్రం ఉండిపోయింది. ఇది ఇంక పూర్తిగా పోదని డాక్టరు తేల్చేశాడు.

ఇప్పుడు తన జడ తాను వేసుకోలేదు. ఆ పక్కే చేతి బరువు, ఆ పక్కే రొమ్ము ఖాళీ, వీపు ఒరిగిపోయింది. చేతికి పట్టీ చుట్టుకొని దిండు మీద ఆనించుకొని కూర్చుంటుంది. అప్పుడప్పుడూ ఆ జ్వరం తిరగబెడుతుంది, వచ్చిన ప్రతిసారీ చెయ్యి మరికాస్త లావెక్కుతుంది. బట్టలుతికి కాదు, నేను గాజులు వేసుకోమన్నందుకే ఇట్లయిందని అక్కతో సహా అందరికీ చెప్పేస్తానని నిన్న అన్నాను. ఆమెకు కోపం కూడా రాలేదు.

"చెప్పుకోపో మామా. నీ బరువు దిగుతాది. నాదేం దిగుతాది?"

రోజులు గడిస్తే ఏదైనా తేలికవుతుందని పెద్దలంటారు. మా ఇంట్లో గడిచిన ఏ రోజూ ఎక్కడికీ పోలేదు, నీరులాగా ఆ చేతిలోకే దిగుతూ వచ్చింది.