బావ గొంతూ, ‘పెంచు’ అనే మాటా

సింహాద్రి అప్పన్న మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన కాదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆ హోరులో అరిచీ అరిచీ ఆయన గొంతు ఎంతగా పెరిగిందంటే, దువ్వాడలో అక్కను కాఫీ అడిగితే ఎలమంచిలిలో ఎవరో పాలు పొయ్యి మీద పెట్టేవారు. ఆ గొంతులోనే పుండు లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు.

సెల్‌ఫోన్లకు చిన్నచిన్న ప్రోగ్రాములు రాయడం అప్పట్లో నా పని. ఆపరేషన్‌కు ముందే బావ మాటలు రికార్డు చేసి, ఒక్కో మీటకు ఒక్కో మాట పెట్టాను. “ఏటే, మంచినీళ్లియ్యి.” “నొప్పెడతంది.” “ఇలా రా, పక్కన కూకో.”

ప్రోగ్రాంలో సగం నా స్నేహితుడు రాశాడు. వాళ్లది వన్‌టౌన్‌లో తాతలనాటి అత్తరు దుకాణం. మీట నొక్కినప్పుడల్లా ప్రోగ్రాం ఒక ప్లేయర్‌ను పుట్టిస్తుంది. మాట వినిపించాక దాన్ని మూసేయాలి. లేకపోతే అవన్నీ లోపలే పోగుపడి, ఆ చిన్న ఫోను మూగబోతుంది. వాడు రాసిన భాగం చివర ‘పెంచు’ అని ఉంది. శబ్దం పెంచడానికి కాబోలు, మా బావ గొంతుకు పెంపు కూడానా అని నవ్వుకుని, ఆ పంక్తి తీసేశాను.

ఆస్పత్రిలో పొద్దున్నంతా ఫోను బాగానే పలికింది. మధ్యాహ్నం అక్క మందుల కోసం గుమ్మం దాటబోతుంటే బావ “ఇలా రా” మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు, గోరు తెల్లబడేలా నొక్కాడు. అక్క వెళ్లిపోయింది. బావ ఫోనును దిండు కిందకు తోసేశాడు.

స్నేహితుడి దగ్గరికి పరిగెత్తాను.

“పెంచు తీసేసినావా? ఏటిరా ఇలా సేసినావు! మూసేసేది అదే కదా!”

“మూసేయడాన్ని పెంచడమంటారా ఎవరైనా?”

“మా దుకాణంలో బంద్ అన్నానంటే మా అబ్బా తంతాడు. షట్టర్ దించినా ‘దుకాన్ బఢాదో’ అనే అంటాం, పెంచమని. మీ ఇళ్లల్లో పుస్తెలతాడు తెగితే తెగిందంటారేటి? పెరిగిందనరా?”

మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తాను.

ఆ పంక్తి మళ్లీ పెట్టి, ఫోను బావ చేతికిచ్చాను. “ఇలా రా, పక్కన కూకో” అని వార్డంతా దద్దరిల్లింది. అక్క నవ్వుతూ వచ్చి కూర్చుంది.

ఒట్టు వేశాను గనక చెప్పక తప్పదు, ఈ ఆఖరి ముక్క నేను అల్లింది. ఫోను బాగైన మాట నిజమే. బావ దాన్ని అందుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికొచ్చాక, బతికినన్నాళ్లూ, మంచం పట్టెను వేళ్లతో కొట్టి పిలిచేవాడు. వంటింట్లో ఉన్న అక్కకు అది వినపడేది కాదు.