ఆరు దాటొద్దు

ఆ రోజుల్లో మా బళ్ళారి జిల్లాలో తెల్లబట్టలు కట్టుకుని రోడ్డెక్కినవాడు కారు అద్దాలు దించని పెద్దమనిషైనా అయ్యుండాలి, బుద్ధిలేనివాడైనా అయ్యుండాలి. గనుల జోరు అలాంటిది. ఇనుపరాయి నింపుకున్న లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతూనే ఉండేవి. హోటల్లో ఇడ్లీ ప్లేటు మన దాకా వచ్చేలోపే దాని మీద కారప్పొడి జల్లినట్టు ఎర్రదుమ్ము పడేది. నేను పైన చెప్పిన రెండు రకాల్లో రెండోవాణ్ణి. ఇరవై రెండేళ్ళ వయసు, ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్, మాకు యూనిఫాం తెల్లప్యాంటు. ఆ ప్యాంటే నా కొంప ముంచింది. నా కొంప మునిగితే మునిగింది, ఇంకొకరి కొంప కూడా ముంచింది. అదే చెప్పబోతున్నాను.

బేస్ గిటార్ అంటే ఏమిటో మా కంప్లిలో ఎవరికీ తెలియదు. మామూలు గిటారుకు ఆరు తీగలుంటే దీనికి నాలుగే. "రెండు తెగిపోయినాయేమప్పా, ఏయించుకోరాదా?" అని జాలిపడేవాళ్ళు. పాటకు అది పునాది అని చెబితే తలూపేవాళ్ళు గానీ, పునాదిని ఎవరు చూస్తారు? మా ఆర్కెస్ట్రా లీడరు కీబోర్డు వాయించేవాడు. ఆయన చిన్న యాంప్లిఫయర్‌లోనే నా వైరు కూడా గుచ్చేవాళ్ళం. డ్రమ్ములు మొదలయ్యాయంటే నేను ఉన్నా ఒకటే, ఊరికి పోయినా ఒకటే. ఒకసారి మా మామ (అమ్మకు తమ్ముడు, రెండెకరాలు అమ్మి రెండు లారీలు కొన్నవాడు) ప్రోగ్రాం అంతా ముందు వరసలో కూర్చుని చూసి, "అల్లుడా, నువ్వు ఏళ్ళాడించేది కనపడతాంది గానీ ఏమీ వినపడల్యా. అది ఉత్తుత్తి గిటారా ఏంది?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు.

అప్పుడు పోయాను రేడియో చిన్నాయన దగ్గరికి. కంప్లి బస్టాండు పక్కన అంగడి ఆయనది. మాకు దూరపు చుట్టం, నాకు చిన్నాయన వరస, చివరికి ఊరంతటికీ చిన్నాయనే అయిపోయాడు. పాత రేడియోలకు కాలం చెల్లినా, లారీల్లో పాటల సెట్లు బాగుచేస్తూ ఆయన బాగానే బతుకుతుండేవాడు. చుట్టుపక్కల డ్రైవర్లంతా సెట్టు మొరాయిస్తే ఆయన గడపే తొక్కేవాళ్ళు. నా గోడు విని, "నీకు గట్టిగా వినపడాల, మధ్యలో నిలిచిపోగూడదు, అంతే గదా? చేస్తాలే" అన్నాడు. రెండు నెలలు కూర్చుని, మా అమ్మ బియ్యం పోసుకునే పెట్టెంత చెక్కడబ్బా, అందులో అన్నం తట్టంత స్పీకరు, పైన యాంప్లిఫయర్, అన్నీ సొంతచేతులతో కట్టాడు. ముందు చప్పుడు పెంచడానికి, తగ్గించడానికి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసిన మర. వెనక మాత్రం ఎర్రరంగుతో "ఆరు దాటొద్దు" అని రాశాడు.

"ఆరు దాటగూడదంటే పది దాకా ఏంటికి పెట్టినావు చిన్నాయనా?"

"మీ మామ లారీ మీటర్లో నూట ఇరవై దాకా ఉండాది అంకె. పోతాడా?"

అంగడిలోనే వాయించి చూశాం. మొదటి తీగ మీటగానే అలమారలో స్క్రూల డబ్బాలు గలగలమన్నాయి. పక్కన టీ అంగడతను ఏదో కూలిందనుకుని బయటికి పరుగెత్తాడు. చిన్నాయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. నా ఒళ్ళు ఝల్లుమంది. బయల్దేరేటప్పుడు, మా చిన్నమ్మ చేత కుట్టించిన మందపాటి రెగ్జిన్ కవరు ఒకటి చేతికిచ్చాడు. "ఇది తొడక్కుండా లారీ ఎక్కించొద్దప్పా. ఆ దుమ్ములో ఇనుము ఉండాది. స్పీకర్లో అయస్కాంతం ఉండాది. ఆ రెండూ కలిసినాయంటే ఇంగ అంతే" అన్నాడు. నేను ఊఁ, ఊఁ అన్నాను. మనసంతా స్టేజీ మీద ఉంటే చెవుల్లోకి ఏం ఎక్కుతుంది?

బాడుగ కలిసొస్తుందని మేం ప్రోగ్రాములకు మామ ఖాళీ లారీల్లోనే పోయేవాళ్ళం. లారీ అడుగున వేలెడు మందం ఎర్రమట్టి. నాకేమో తెల్లప్యాంటు. ఇక చెప్పేదేముంది? డబ్బాకు తొడగాల్సిన కవరు తీసి కింద పరుచుకుని దర్జాగా కూర్చున్నాను. డబ్బా మట్టిలో నా పక్కనే గంతులేసుకుంటూ వచ్చింది. ఒక్కరోజు కాదు, మూడు నెలలు ఇదే వరస. ప్యాంటు మీద మచ్చ పడలేదు.

మూడు నెలలకు తోరణగల్లు రోడ్డులో ఒక ఆసామి కొత్తగా కొన్న పది టిప్పర్లకు పూజ. టిప్పర్లన్నిటికీ బంతిపూల దండలు, ఎదురుగా స్టేజీ, సాయంత్రం మా పాటలు. జనంలో ముప్పాతిక మంది లారీ డ్రైవర్లే. ముందు వరసలో మా మామ. ఆ రోజు లీడరు నా మీద దయతలిచి, మూడో పాట మొదట్లో బేస్ ఒక్కటే వినపడేట్టు పెట్టాడు. నేను మామ వైపు చూసి తీగ మీటాను. డబ్బా గరగరమంది. జలుబు చేసినవాడు గొంతు సవరించుకున్నట్టు. మర ఆరు నుంచి ఎనిమిదికి తిప్పాను. ఇంకా గరగర. పదికి తిప్పాను. కాలిన వాసన వచ్చింది, అంతే, చప్పుడు లేదు. "ఏమప్పా, పొయ్యి మీద ఏమన్నా మాడిందా?" అని ఎవరో అరిచారు. మామ తల దించుకున్నాడు.

అప్పుడు నాకు తిక్కరేగింది. పాడే అతని చేతిలో మైకు లాక్కుని, "అందరూ వినండప్పా! ఈ డబ్బా కంప్లి బస్టాండు కాడ రేడియో అంగడిలో చేపించినా. మీరెవురూ ఆడికి పోవద్దండి. రేడియో ఇస్తే రోలు చేసి ఇస్తాడు!" అన్నాను. అన్నాళ్ళూ నా గిటారును ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఈ మాట మాత్రం నాలుగు మైకు హారన్లలోంచి తోరణగల్లు గేటు దాకా వినపడింది. ఈలలు, చప్పట్లు! స్టేజీ మీద నాకు చప్పట్లు పడటం అదే మొదటిసారి. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఎంత బాగుందో! లీడరు చెవిలో, "ఆ రోలు మాట బలే పండింది, ప్రతి ప్రోగ్రాంలో ఏసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఇంకో మూడుచోట్ల చెప్పాను. డ్రైవర్లు నవ్వారు, నవ్వి ఊరుకోలేదు, సెట్లు హొసపేటకు తీసుకుపోవడం మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకు డబ్బాను బళ్ళారిలో ఇంకొక మెకానిక్ దగ్గరికి మోసుకుపోయాను. అతను స్పీకరు విప్పి అయస్కాంతం చూపించాడు. దానికి ఎర్రటి గడ్డం మొలిచి ఉంది. "ఇదేందప్పా, నీ స్పీకరు కూడా మైనింగ్ చేస్తాండాదా?" అన్నాడు. దుమ్ము సందులోకి దూరి తీగచుట్టను రాపాడిందనీ, పైగా మర పది దాకా తిప్పేసరికి అది కాలిపోయిందనీ చెప్పాడు. లోపల యాంప్లిఫయర్ మీద వేలు పెట్టి, "ఇదుండాదే, నిక్షేపం! ఇది కట్టిన చేతికి దండం పెట్టాలప్పా. ఎవురు చేసినారు?" అన్నాడు. నేను "తెలీదు" అన్నాను. కొత్త స్పీకరు వేయించుకుని ఇంటికొచ్చాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారమే ఇంకో ప్రోగ్రాంలో జనం "రోలు! రోలు!" అని అరిస్తే, నిజం తెలిసి కూడా, మళ్ళీ ఆ మాట చెప్పాను. నా బతుకులో నేను క్షమించుకోలేనిది ఏదన్నా ఉందంటే ఆ ఒక్కసారే.

రెండు రోజులు నిద్రపట్టక మూడో రోజు అంగడికి పోయాను. అలమార సగం ఖాళీ. బెంచీ మీద డ్రైవర్లెవరూ లేరు. కవరు సంగతి, తెల్లప్యాంటు సంగతి, ఎర్రగడ్డం సంగతి అంతా చెప్పేశాను. "నాదే తప్పు చిన్నాయనా" అన్నాను. ఆయన చేస్తున్న పని పక్కన పెట్టి, "తప్పు చెప్పింది మైకులో గదప్పా. ఒప్పుకునేది చెవిలోనా?" అన్నాడు. కోపంగా కాదు. వైరు ఎక్కడ అతకలేదో చూపించినట్టు అన్నాడు. తరువాత టీ తెప్పించాడు.

మైకులో చెబుదామనే అనుకున్నాను. ఈ ప్రోగ్రాంలో వద్దు, జనం తక్కువున్నారు. ఆ ప్రోగ్రాంలో వద్దు, జనం జాస్తి ఉన్నారు. ఇలా వాయిదాలు వేస్తుండగానే గనులు మూతపడ్డాయి. లారీలు పొలాల గట్ల మీద తుప్పు పట్టాయి, పూజలు పోయాయి, మా ఆర్కెస్ట్రా వాళ్ళం ఎవరి దారిన వాళ్ళం పోయాం. నేను తోరణగల్లు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తానయ్యాను. చిన్నాయన అంగడి అంతకు ముందే మూసేశాడు. ఆయన కూడా మా ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లోనే కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. ఫంక్షన్లకు మైకులు పెట్టేది ఆయనే.

ఒకసారి మా పెద్దగుమాస్తా రిటైరయితే నన్ను మాట్లాడమన్నారు. హాలులో కంప్లి వాళ్ళు చాలామంది, పాత డ్రైవర్లు కూడా నలుగురైదుగురు ఉన్నారు. మైకు కీచుమంది. చిన్నాయన వచ్చి వైరు సరిచేసి, ఊది చూసి, నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చెప్పప్పా. బాగా వినపడతాది" అన్నాడు. ఆయన నా కళ్ళలోకి చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను. "అందరికీ నమస్కారం" అన్నాను. పెద్దగుమాస్తా గారి సమయపాలన గురించి ఐదు నిమిషాలు మాట్లాడి దిగిపోయాను. అంతసేపూ చిన్నాయన మర దగ్గర నిలబడి, కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ ఉన్నాడు. నా గొంతు అంత శుభ్రంగా ఎప్పుడూ వినపడలేదని అందరూ మెచ్చుకున్నారు.

డబ్బా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. స్పీకరు మార్చాక ఒక్కరోజు కూడా మొరాయించలేదు. ఆదివారాలు వాయిస్తుంటే మా ఆవిడ "మూడు దాటొద్దు" అంటుంది. చిన్నాయన, నేను కంపెనీ బస్సులో ఒకే సీటులో కంప్లికి వస్తాం. ఆయన రోజూ అడిగేది ఒక్కటే.

"డబ్బా బాగుండాదా అప్పా?"

"బాగుండాది చిన్నాయనా."

"ఆరు దాటించల్యా గదా?"

"లేదు చిన్నాయనా."

ఇంకేమీ అడగడు. బస్సు నిండా కంప్లి జనమే. లేచి నిలబడి గట్టిగా ఒక్క మాటంటే చాలు. కానీ ఆయన మైకులో చెప్పమన్నాడు, ఈ బస్సులో మైకు లేదు కదా అని నాకు నేనే చెప్పుకుంటాను. తలకు రంగేసుకునే వయసొచ్చినా ఇంకా ఆ తెల్లప్యాంటు మీద మచ్చ పడకుండా చూసుకుంటున్న నన్ను చూస్తే నాకే నవ్వొస్తుంది. ఆ నవ్వు చూసి, "ఏందప్పా, నీలో నువ్వే నవ్వుకుంటాండావు?" అంటాడు చిన్నాయన. "ఏంలే" అంటాను.