కొత్త బండికి కోసిన కిటికీ

రిస్తెన్ పదకొండో స్క్రూ విప్పుతోంది. మంచు మీద నడిచే కొత్త మోటారు బండికి ఒక పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు ఇంకా ఊడలేదు. స్క్రూల్లో సగానికి ఒక రకం తల, సగానికి ఇంకో రకం.

"ఇంకా ఎంతసేపు పెద్దమ్మా?" అన్నాడు ఆస్లత్. ఆమె చెల్లెలి కొడుకు.

"బండి చేసినవాణ్ణి అడగరా. స్పార్క్ ప్లగ్గుని పెళ్ళికూతురిలా దాచిపెట్టాడు."

ఆస్లత్ తొందర ఊరికే కాదు. సాయంత్రం మంచు గట్టిపడగానే చూలుతో ఉన్న రెయిన్‌డీర్ జింకలు సముద్రం వైపు నడక మొదలుపెడతాయి. ఏరు చీలే చోట ఇద్దరు అడ్డం నిలవాలి. ఇప్పుడు అక్కడ అతని బావమరిది ఒక్కడే ఉన్నాడు. మంద పక్కవాళ్ళ మందలో కలిస్తే, విడదీసే తోపులాటలో కడుపులు పోతాయి.

బండి ఆగిపోగానే, దాన్ని అమ్మిన దుకాణానికి ఆస్లత్ పొద్దున్నే ఫోన్ చేశాడు. "గురువారం తీసుకురండి. మీరే విప్పితే గ్యారంటీ ఉండదండీ" అన్నారు.

"మా జింకలకి గురువారం అంటే తెలీదని చెప్పకపోయావా!" అంది రిస్తెన్.

ఆమె ఏ బడిలోనూ ఈ పని నేర్చుకోలేదు. బడికి వెళ్ళింది వంటశాలలో సూప్ కాయడానికి, ఇరవై ఆరేళ్ళు. తండ్రి పాత బండి మొరాయించినప్పుడల్లా విప్పి, తప్పుగా బిగించి, మళ్ళీ విప్పి నేర్చుకుంది. ఆ బండికైతే చేతితొడుగు పళ్ళతో పట్టుకుని, నిలబడ్డచోటే ప్లగ్గు మార్చేది.

పద్నాలుగో స్క్రూతో తొడుగు ఊడింది. ప్లగ్గు నల్లగా, నూనెతో తడిసి వచ్చింది.

"మంద వెనక నత్తలా నడిపావు కదూ?"

"మరి మందని తరమమంటావా?"

"నీ తప్పు కాదులే. కొత్త ఇంజిన్ మొదట్లో నూనె ఎక్కువ తాగుతుంది. మెల్లగా నడిపితే ప్లగ్గు మునిగిపోతుంది."

కొత్త ప్లగ్గు బిగించింది. ఇంజిన్ నిండుగా మోగింది. ఆస్లత్ టోపీ అందుకున్నాడు. రిస్తెన్ మాత్రం ఇంజిన్ ఆపి, కత్తి తీసింది.

"రేపు మళ్ళీ మునుగుతుంది. గాలిలో నిలబడి పద్నాలుగు స్క్రూలు విప్పుతావా? దీనికి కిటికీ కోస్తాను."

"అమ్మో! ఇంకా కొత్త వాసన కూడా పోలేదు పెద్దమ్మా! గ్యారంటీ..."

"చెవికి గుర్తు కోయని దూడని నాదంటే మనవాళ్ళు ఒప్పుకుంటారా? ఇదీ అంతే. ఇప్పటిదాకా ఇది దుకాణంవాడిదే. చెప్పు, కోయనా వద్దా?"

ఆస్లత్ తొడుగుని మళ్ళీ బండికి ఆనించి పట్టుకున్నాడు. తర్వాత చేతితొడుగు వేసుకుని, తన చేతిని ప్లగ్గుకి ఎదురుగా ఆ ప్లాస్టిక్ మీద ఆనించాడు. రిస్తెన్ దాని చుట్టూ గీత గీసింది.

కోసింది. అంచులు ఆకురాయితో నునుపు చేసింది. మంచు దూరకుండా పాత రబ్బరు ముక్కతో మూత పెట్టి, చేత్తో తిప్పే నట్లు రెండు బిగించింది. తొడుగు మళ్ళీ బండికి ఎక్కించింది.

"ఇప్పుడు నువ్వు మార్చు. తొడుగు తీయకుండా."

మొదటిసారి ప్లగ్గు జారి లోపల పడింది. ఆమె నవ్వలేదు, సాయమూ చేయలేదు. రెండోసారి దానంతట అదే దారి తెలిసినట్టు చెయ్యి నేరుగా వెళ్ళింది.

రిస్తెన్ నాలుగు కొత్త ప్లగ్గులనీ ఒక పానానీ గుడ్డలో చుట్టి అతని జేబులో దోపింది. షెడ్డు తలుపులు రెండూ బార్లా తీసి, బండిని మంచు మీదికి నెట్టి, తాళం అతని చేతిలో పెట్టింది.