తడి పత్తిలో పోయిన వేడి

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో గిన్నె జారి పడితే వీధిలో పిడుగు పడిందని చెప్పే రకం. అయితే కొందరు పెద్దమనుషుల సంగతి రాసేటప్పుడు నాకు ఆ శ్రమ ఉండదు. వాళ్ళు ముందే ఉబ్బి ఉంటారు.

పందొమ్మిది వందల యాభైలలో ఆదోనిలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. తాత్కాలికపు ఉద్యోగం. ఇన్‌స్పెక్టరు పాఠం చూసి బాగుందంటే పర్మనెంటు, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. ఏ పాఠమో కూడా ఆయనే కబురు చేశాడు: కాగిన ఇనుమును నీళ్ళలో వేసి, ఇనుము విశిష్టోష్ణం కనుక్కోవడం. ఇనుము వదిలిన వేడి ఎంతో, గిన్నే నీళ్ళూ పుచ్చుకున్న వేడి అంత. పత్తి మార్కెట్టులో పెరిగిన మా పిల్లలకు ఇంత నిజాయితీ గల బేరం లోకంలో ఉంటుందంటే నమ్మకం కుదరలేదు.

వేడి బయటికి పోకుండా రాగి గిన్నెను చెక్కపెట్టెలో పెట్టి చుట్టూ పత్తి కూరాలి. మా పాత పత్తిని ఎలుకలు కాపురానికి పట్టుకుపోయాయి. స్కూలు కమిటీ అధ్యక్షుడికి పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఉంది. పొట్ట గేటు దాటిన కాసేపటికి గానీ మనిషి దాటేవాడు కాదు. అడగ్గానే ఒక గోతాం పంపించి, ఆ దానం సంగతి ప్రతి తరగతిలోనూ హెడ్మాస్టరు చేత చాటించాడు.

ఆ రోజు ముందు కుర్చీలో ఇన్‌స్పెక్టరు, పక్కన అధ్యక్షుడు. వెనక నిలబడ్డ హెడ్మాస్టరు, అధ్యక్షుడు ఆవలించినప్పుడల్లా చిటికె వేస్తున్నాడు. అంతకు మించి ఆయనకు చదువు అబ్బలేదు.

మరుగుతున్న నీళ్ళలోంచి వంద గ్రాముల ఇనుప దిమ్మను దారంతో ఎత్తి, వంద గ్రాముల నీళ్ళున్న గిన్నెలో వేశాను. నీళ్ళ ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల పైన పెరగాలి. పాదరసం నాలుగు డిగ్రీలు ఎక్కి, మెట్ల మీద ఆయాసపడ్డ ముసలివాడిలా కూలబడింది. బోర్డు మీద లెక్క వేస్తే విశిష్టోష్ణం 0.11 రావలసింది 0.06 వచ్చింది.

"ఈ లెక్కన ఇది ఇనుము కాదండీ మాస్టారూ, తగరం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. సర్కారు జిల్లాల మనిషి, కోసినా మెత్తగానే కోస్తాడు.

"ఏమప్పా అయ్యోరా! ఇనుమేదో తగరమేదో తెలీనోనికా మేము పిల్లోళ్ళను అప్పగిచ్చింది?" అన్నాడు అధ్యక్షుడు.

"మిగతా వేడి ఎక్కడికి పోయిందంటారు?" ఇన్‌స్పెక్టరు నన్నే చూస్తున్నాడు.

నాకు అప్పటికే తెలిసిపోయింది. పెట్టె అంచున చేతికి పత్తి చల్లగా, తడిగా తగిలింది; తడిసిన పత్తి వేడిని ఆపదు, లాగేస్తుంది. తూకం పెరగాలని పత్తి మీద నీళ్ళు చల్లడం ఆ మండీలో ఊపిరి పీల్చుకోవడం లాంటిది. కానీ ఇది ఊరికే ఇచ్చిన పత్తి! తూచేవాడు లేడు, కొనేవాడు లేడు. అయినా తడిపి పంపారు. ఆ సంగతి చెబితే అధ్యక్షుడు నన్ను సాగనంపుతాడు, చెప్పకపోతే ఇన్‌స్పెక్టరు సాగనంపుతాడు.

ఎట్లాగూ పోయేదే కదా అని, గుప్పెడు పత్తి లాగి బల్ల మీద పిండాను. నీళ్ళు ధారకట్టి అధ్యక్షుడి చెప్పుల దాకా పారాయి.

"ఇక్కడికి పోయిందండీ."

హెడ్మాస్టరు చిటికె సగంలో ఆగిపోయింది. అధ్యక్షుడు మాత్రం చెక్కు చెదరలేదు.

"తడి లేని పత్తి యాడుంటాదప్పా? పొడి పత్తి ఇచ్చేకి మేమేమన్నా పిచ్చోళ్ళమా?"

"ఇది దానమిచ్చిందే కదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దానమైతే ఏంది సార్? మా మిల్లోళ్ళకి సెయ్యి అలవాటు. నీళ్ళు సల్లకుండా మూట కట్టమంటే వాళ్ళకి రాదు!"

ఇన్‌స్పెక్టరు ఆయన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, నావైపు తిరిగాడు. "అయితే మాస్టారూ, తడి పత్తి తిన్న వేడిని కూడా కలుపుకోండి. లెక్క సరిపోతుంది."

పాఠం బాగుందని రాసి వెళ్ళాడు. అయినా ఉద్యోగం ఇచ్చేది కమిటీ; అధ్యక్షుడు ఇవ్వనన్నాడు. "పోప్పా, పొడి పత్తి ఉండే ఊరు సూసుకో," అన్నాడు. ఇన్‌స్పెక్టరు మెచ్చుకోలు పట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కి, అక్కడే పర్మనెంటు అయ్యాను. అది నేతగాళ్ళ ఊరు. పత్తి అక్కడికి చేరేసరికి నూలై, శుభ్రంగా ఆరిపోయి ఉంటుంది.

ఇందులో నేను కల్పించింది ఆ నీళ్ళ ధార. పత్తి పిండితే రాలింది నాలుగు చుక్కలే, ఎవరి చెప్పులూ తడవలేదు. అధ్యక్షుడి మాటలు మాత్రం అక్షరాలా ఆయనవే. అట్లాంటి మాటలు పుట్టించే తెలివే నాకుంటే ఆదోనిలోనే మిల్లు పెట్టుకుని ఉండేవాణ్ణి.