నా స్క్రిప్టు తుడిచేసిన ఫైళ్లు

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో జరిగిందిది. చిత్తూరు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. కంప్యూటర్ పని నలభై దాటాక పుస్తకం ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. చెరకు తూకానికి చేతిరాత చీటీలు మాన్పించి కంప్యూటర్ చీటీలు పెట్టించింది నేనే.

ఆ రోజు కంప్యూటరుకు కొత్త డిస్కు బిగించారు. చీటీలిచ్చే ప్రోగ్రామును మళ్లీ తయారు చేయాలంటే, దాని భాగాలు ఎక్కడున్నాయో చెప్పే ముప్పై రెండు ఫైళ్లలో పాత డిస్కు పేరు తీసి కొత్తదాని పేరు పెట్టాలి. మా ఆఫీసు అమ్మాయి రేవతి ఒక్కొక్కటే తెరిచి మారుస్తోంది.

"ఇట్లయితే సాయంత్రమైపోతాదమ్మా. నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి అన్నీ ఒకేసారి మార్చేస్తా సూడు" అన్నాను.

"ముందు ఒకదాని మీద సూడండి సార్."

"కంప్యూటర్ పని నాకు నేర్పిస్తావా?"

కంప్యూటరుకు ఏం చేయాలో చెప్పే ఆ నాలుగు లైన్లు రాసి నడిపాను. రేవతి మొదటి ఫైలు తెరిస్తే ఖాళీ. రెండోదీ ఖాళీయే. మార్చినదాన్ని అదే ఫైలులో రాయమన్నాను. ఫైలులో ఉన్నది చదవకముందే కంప్యూటర్ దాన్ని తుడిచేసింది. నకలు తీసుకోలేదు.

అన్నీ తిరిగి టైపు చేసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అప్పటిదాకా తూకం చీటీలు లేక గేటు బయట చెరకు బండ్లు ఎండలో నిలబడ్డాయి. కోసిన చెరకు ఎండితే రైతుకు తూకం పోతుంది. మేనేజరు నన్ను కాపాడటానికి, మిషన్ చెడిందని రైతులకు చెప్పారు.

చెరకు మీద నీళ్లు చల్లుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి, "పోనీలే సామీ, ఈ ఎండకు మిషనైనా యాడ తట్టుకుంటాది?" అన్నాడు.

నేను అవునన్నట్టు తల ఊపాను. పొరపాటు ఎవరైనా చేస్తారు. ఆ తల ఊపడమే నన్నింకా నిద్రపోనివ్వడం లేదు.