రేడియోకి వినపడేలా

పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తూ, మా బాబాయి పాత టీవీ నాటిక ఫోన్లో పెట్టుకున్నాను. ఆ ఘాటు తగలగానే నరసరావుపేట దగ్గర మా పల్లె, ఆదివారం మధ్యాహ్నాల రేడియో గుర్తొచ్చాయి.

రేడియోలో బాబాయిది పెళ్లాం చేత తిట్లు తినే మొగుడి వేషం. మా తాత ఊరి ప్రెసిడెంటు. వసారాలోంచి అరిచేవాడు: "ఏందీ కోతివేషాలు! నలుగురికి తీర్పు చెప్పే ఇంట్లో పుట్టి నలుగురినీ నవ్విస్తాడంట! ఆపండి దాన్ని!"

మిరపకాయల తొడిమలు తీస్తున్న నాయనమ్మ లేచి సౌండు పెంచేది. "నవ్వవే! ఇంకా గట్టిగా నవ్వు. వినపడొద్దా?" అనేది నాతో.

నవ్వితే ఆ పెట్టెలోంచి బాబాయికి వినపడుతుందనుకున్నాను. రేడియోకి మూతి ఆనించి, గొంతు బొంగురుపోయేదాకా నవ్వేదాన్ని. నా నవ్వు విన్నాకే టీవీ వాళ్లు బాబాయిని పిలిచారని కూడా నమ్మాను. కోటప్పకొండ తిరునాళ్లలో జనం బాబాయి చుట్టూ మూగినా తాత మొహం తిప్పుకునే ఉన్నాడు. ఇంటికి టీవీ వచ్చాక దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. నాయనమ్మ సరిగ్గా ఆయన కుర్చీ పక్కనే నాకు పీట వేసేది.

ఆవిడ వినిపించాలనుకున్నది బాబాయికి కాదని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

"ఏందమ్మా అంత గట్టిగా నవ్వుతున్నావు? ఎవరికి వినపడాలని?" అన్నాడు మా అబ్బాయి, ఇప్పుడు వంటింట్లోకి తొంగిచూసి.

"అదుగో, ఆయనకి" అని గోడ మీద దండ వేసిన తాత ఫొటో చూపించి, సౌండు ఇంకా పెంచాను.