తువ్వాలు కింద చెయ్యి

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు వికారాబాద్‌లో తాండూరు రైలు కదిలింది. మంచు ఇంకా వీడలేదు. కిటికీ అవతల పూతకొచ్చిన కంది చేలు పసుప్పచ్చగా తేలిపోతున్నాయి. అన్న పోయి నెల దాటింది. ఆయన ఎడ్ల జతను తాండూరులో ఒకాయనకు అమ్మెయ్యమని బంధువులు తొందరపెడుతున్నారు. మొహమాటానికి అందరికీ సరేనన్నాను.

పక్కనున్న ముసలాయన ఎడ్ల బేరాలు కుదిర్చే దళారి. నా సంగతంతా విని, భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

"చదువుకున్నోడివి, గీ ముచ్చట తెల్వదా సార్? అంగట్ల ధర గిట్ల వేళ్లతోనే చెప్తం," అంటూ నా వేళ్లు నొక్కాడు. "ఇష్టముంటే నువ్వు గూడ నొక్కు. లేకుంటే చెయ్యి గుంజుకో. నలుగురు సుట్టూ నిలబడ్డా, నువ్వు కాదన్నవని ఎవ్వనికి తెల్వది."

"కాదంటే మీకు కోపం రాదా?"

"కాదనేటందుకు లేకుంటే అది అంగడెట్లయితది? లూటీ అయితది," అని నవ్వాడు.

అతని వేళ్లు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. అన్న పోయాక నా చెయ్యి అంతసేపు ఎవరూ పట్టుకోలేదు. కొంతసేపు అలాగే ఉంచి, మెల్లగా వెనక్కి తీసుకున్నాను.

"సమజైంది సార్," అన్నాడు, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ.

తాండూరులో దిగి, ఎడ్లు అమ్మనని ఆ కొనే ఆయనకు చెప్పాను. అవి మా కొట్టంలోనే ముసలివయ్యాయి. తాండూరు ఎడ్ల అంగట్లో ఇప్పుడు ధరలు పైకే చెప్పుకుంటారు. తువ్వాలు కింద చేతులు కలపడం లేదు.